చేతులు వెనక్కి

సెప్టెంబర్ 2, సోమవారం

ఆయనకి బదిలీ అయింది. రాత్రంతా రైల్లో కూర్చుంటే గానీ చేరని ఊరు. అక్టోబర్ నెలాఖరుకల్లా వెళ్ళిపోవాలట. ఆఫీసులో ఎవరికో సర్క్యులర్ చదివి వినిపిస్తున్నట్టు ఫోన్‌లో నిదానంగా చెప్పారు. మరి పిల్ల సంగతేమిటి, మా పిచ్చుక సంగతి, అన్నాను. దాన్నే అడుగుదాం, పోయినసారి లాగే, అన్నారు.

పోయినసారి అంటే ఏడాది కిందట. మేమిద్దరం విడిపోయినప్పుడు దాన్ని సోఫాలో మధ్యన కూర్చోబెట్టి, ఎవరి దగ్గర ఉంటావు అని అడిగాం. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. కాలి వేళ్ళు చూసుకుంటూ నాన్న దగ్గర అంది. ఎందుకని నేను అడగలేదు. అడిగితే చెప్పేస్తుందేమోనని భయం. ఆ భయం ఇంకా పోలేదు.

ఇప్పుడు శనివారం శనివారం వస్తుంది. పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు దాకా. ఆయనతో వెళ్ళిపోతే ఆ ఏడు గంటలు కూడా ఉండవు.

నాలుగో తరగతిలో ముప్పై ఇద్దరు పిల్లలు టీచర్, టీచర్ అని రోజంతా నన్ను పీక్కుతింటారు. ఇంటికొస్తే అమ్మా అనే గొంతు లేదు. రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది. చాలు.

సెప్టెంబర్ 4, బుధవారం

స్కూల్లో పరువు పోయింది.

ఇక నుంచి శుక్రవారం ఆఖరి రెండు పీరియడ్లూ ‘ఛాలెంజ్’ అని పెద్ద మేడమ్ ప్రకటించారు. సైన్సు, లెక్కలు పిల్లలు చేత్తో కట్టి, పడగొట్టి నేర్చుకోవాలట. కొత్తగా ఏదీ కొనకూడదు. క్లాసులో ఉన్నవాటితోనే అంతా. రాసేసిన కాగితాలు, టేపు, దారం, స్కేళ్ళు, పేపర్ కప్పులు, చాక్‌పీసులు.

మాకు నేర్పడానికి ఒకావిడ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. మమ్మల్ని ఇద్దరిద్దరుగా విడదీసింది. ఒకరు పిల్ల, ఒకరు టీచర్. పిల్ల కాగితాలతో టవర్ కట్టాలి. టీచర్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడాలి. చూడొచ్చు, అడగొచ్చు. ముట్టుకోకూడదు. ముట్టుకున్నప్పుడల్లా ఆవిడ బోర్డు మీద మన పేరు కింద ఒక గీత గీస్తుంది. టైము పది నిమిషాలు.

నాకు పద్నాలుగు గీతలు. మొత్తం స్టాఫులో ఫస్టు. ఒకటో తరగతి టీచర్‌కి రెండు. డ్రిల్ సార్‌కి ఒక్కటీ లేదు, ఆయన నిలబడే కునుకు తీస్తున్నారు, అది వేరే సంగతి.

ఘోరం ఏమిటంటే ముట్టుకున్నట్టు నాకు తెలియనే లేదు. గీత పడినప్పుడల్లా ఎప్పుడు, ఎక్కడ అని ఆవిడతో పోట్లాటకి దిగాను. దిగిన నిమిషంలో కూడా నా చెయ్యి టవర్ మీదే ఉందట. అందరూ ఒకటే నవ్వు. ప్రతి ఛాలెంజ్ తర్వాత ఇంటికెళ్ళి ఎన్నిసార్లు ముట్టుకున్నారో రాసుకోండి అని చెప్పి వెళ్ళింది. నా ఖర్మ. రాస్తున్నాను: 14.

సెప్టెంబర్ 6, శుక్రవారం

మొదటి ఛాలెంజ్. నలుగురికి ఒక జట్టు. పదిహేను కాగితాలు, ఒక చేతి పొడుగు టేపు. ఎత్తైన టవర్ కట్టాలి. దాని మీద డస్టర్ పెట్టి పది లెక్కపెట్టేదాకా పడకూడదు.

మా క్లాసులో రెండు జడల పిల్ల ఒకతి ఉంది. నేను దాన్ని లాయర్ అంటాను. చేతి పొడుగు అంటే ఎవరి చెయ్యి టీచర్ అని లేచింది. నీ చెయ్యే అన్నాను. అయితే మా జట్టులో పొడుగు చెయ్యి ఎవరిదో ముందు కొలుచుకుంటాం, అది మా హక్కు అంది. పావుగంట చేతులు కొలుచుకోవడానికే పోయింది. కొలవడం కూడా లెక్కలేగా అని ఊరుకున్నాను.

నన్ను కాపలా కాసే పని కూడా లాయర్‌కే అప్పజెప్పి తప్పు చేశాను. నా చెయ్యి కాస్త కదిలితే చాలు, ‘టీచర్, చేతులు!’ అంటుంది.

ఏడు టవర్లు పడ్డాయి. ఒకటి నిలబడింది. లెక్క: 11.

సెప్టెంబర్ 7, శనివారం

పదీ పదికి వచ్చింది. ఆయన గేటు దగ్గర దింపి వెళ్ళారు. జడ తనే వేసుకుంటోందిప్పుడు. పాపిడి వంకర టింకరగా ఉంది, ఒక పాయ లావు, ఒక పాయ సన్నం. నా చేతులు ఎంత దురదపెట్టాయో నాకే తెలుసు. జడ విప్పి మళ్ళీ వెయ్యనా అన్నాను. వద్దంది.

ముందే బల్ల మీద పాత కాగితాలూ టేపూ పెట్టి ఉంచాను. టవర్ కడదామా అన్నాను, మామూలుగా అడిగినట్టు. నువ్వు కట్టు, నేను చూస్తా అంది. సరేనని నేను కట్టాను. నలభై రెండేళ్ళ మనిషిని, ఒక్కదాన్నే కూర్చుని కాగితం గొట్టాలు చుట్టుకున్నాను. అది కథల పుస్తకం చదువుకుంటూ మధ్య మధ్య బావుంది అంటూ ఉంది. ఇంటికొచ్చిన చుట్టం మాట్లాడినట్టు.

ఐదుకి వెళ్ళిపోయింది.

బాత్రూమ్‌లో దాని బ్రష్ ఉంది, ఊదారంగుది. ఏడాదిగా ఒక్క రాత్రి కూడా ఇక్కడ పడుకోలేదు కాబట్టి దానికి పని లేదు. దుమ్ము పడుతుందని ప్రతి ఆదివారం కడిగి పెడతాను.

సెప్టెంబర్ 8, ఆదివారం

బ్రష్ కడిగాను.

సెప్టెంబర్ 13, శుక్రవారం

వంతెన ఛాలెంజ్. రెండు బెంచీల మధ్య జానెడు ఖాళీ. ఒకే ఒక్క కాగితం. దాని మీద ఎన్ని చాక్‌పీసులు నిలిస్తే అంత గొప్ప.

ఊరికే పరిస్తే రెండు చాక్‌పీసులకే వంగి కింద పడింది. రెండు మడతలు పెడితే ఆరు. అప్పుడు కిటికీ పక్కన కూర్చునే పిల్ల కాగితాన్ని సన్నగా మడతలు మడతలుగా విసనకర్రలా మడిచింది. ఆ పిల్ల ఏం చెప్పినా గుసగుసగానే చెబుతుంది, మూడేళ్ళుగా ఏ టీచరూ దాని గొంతు సరిగ్గా వినలేదు. గుసగుస అనే పిలుస్తాం. ఒక్కొక్క చాక్‌పీసూ పెడుతుంటే క్లాసంతా ఊపిరి బిగబట్టింది. పందొమ్మిది.

మడత పెడితే కాగితానికి అంత బలం ఎక్కడిది అని అడిగాను. చాలాసేపు ఆలోచించి నా చెవిలో చెప్పింది, ఇప్పుడది పల్చగా లేదు టీచర్, నిలబడి ఉంది అని. ఇరవై ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను, నేనెప్పుడూ ఇంత బాగా చెప్పలేదు.

లెక్క: 7.

సెప్టెంబర్ 14, శనివారం

పిచ్చుకకి జ్వరం. రాలేదు. ఫోన్‌లో గొంతు బొంగురుపోయి ఉంది. నేను రానా అన్నాను. నానమ్మ ఉందిగా అంది.

సెప్టెంబర్ 20, శుక్రవారం, సాయంత్రం

ఇవాళ జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

టవరే మళ్ళీ కడతామని పిల్లలు గొడవ చేశారు. సరేనన్నాను. ఈసారి ఎవరిది వాళ్ళే. గుసగుస టవర్ అన్నిటికన్నా ఎత్తుగా లేచింది. నా భుజం దాకా వచ్చింది. డస్టర్ పెట్టింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఎడమవైపు కాలు మడత పడి టవర్ వాలడం మొదలైంది. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. నేను పక్కనే ఉన్నాను. వేలితో ఆ కాలుని కొంచెం లోపలికి తోశాను. అంతే. వేలు. లాయర్ అటువైపు ఉంది, చూడలేదు.

పది దాకా నిలబడింది. క్లాసంతా చప్పట్లు. అది గెలిచింది అన్నాను. గుసగుస మాత్రం చప్పట్లు కొట్టలేదు, నవ్వలేదు. బెల్లు కొట్టాక అందరూ తమ తమ టవర్లు, సగం విరిగినవి కూడా, చంకలో పెట్టుకుని పోయారు. అది మాత్రం బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోతోంది. ఏయ్, నీ టవర్ మర్చిపోయావు అన్నాను. ఆగింది. దగ్గరికొచ్చింది. వంగి చెవి ఇచ్చాను.

‘అది మీది టీచర్. నాది నాలుగు దగ్గరే పడిపోయింది.’

కోపంగా అనలేదు. పొరపాటున తన బ్యాగులోకి వచ్చిన వేరేవాళ్ళ పెన్సిల్ తిరిగి ఇచ్చేసినట్టు అంది. టాటా చెప్పి వెళ్ళింది.

నేను ఖాళీ క్లాసులో ఆ టవర్ ముందు చాలాసేపు కూర్చున్నాను. వాచ్‌మన్ వచ్చి తాళం వెయ్యాలమ్మా అనేదాకా.

లెక్క: 1. ఇప్పటిదాకా ఇదే తక్కువ. నా మొహానికి.

సెప్టెంబర్ 21, శనివారం, పొద్దున్న ఆరు

నిద్ర పట్టలేదు. అట్ట ఇల్లు గుర్తొచ్చింది.

మేము విడిపోవడానికి రెండు నెలల ముందు పిచ్చుక వాళ్ళ స్కూల్లో ‘మా ఇల్లు’ అని మోడల్ చేసి తెమ్మన్నారు. అది వారం రోజులు కూర్చుని చెప్పుల డబ్బా అట్టలతో ఇల్లు కట్టింది. కిటికీలు వంకర. కప్పు నోటుపుస్తకం అట్ట, సగం చిరిగింది. ఆదివారం అది నానమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు నేను కూర్చున్నాను. టీచర్ కూతురు ఇలాంటిది పట్టుకెళ్ళడమేమిటని. కిటికీలు స్కేలు పెట్టి తిన్నగా కోశాను. కప్పు కొత్తది వేశాను. మా గదికీ ముందు గదికీ మధ్య గోడలో కత్తెర జారి కన్నం పడినట్టుంది, తెల్ల కాగితం అంటించి పూడ్చాను. రంగు వేశాను. ముద్దొచ్చేలా తయారైంది.

సాయంత్రం వచ్చి చూసి అది ఏమీ అనలేదు. మురిసిపోయి మాట రాలేదనుకున్నాను. అంత తెలివి నాది. ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. ప్రతి శనివారం అది మంచినీళ్ళకి వెళ్ళి ఆ తలుపు తీస్తుంది.

అదే రోజు, సాయంత్రం ఆరు

అడిగేశాను. అన్నం తిని చెయ్యి కడుక్కుని వస్తుంటే, నీ ఇల్లు నేను పాడు చేశానా అన్నాను.

చాలాసేపు తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూనే ఉంది. తర్వాత అంది, ‘పాడు చెయ్యలేదు. బాగు చేశావు.’

ఇల్లు బీరువా మీద ఉంది. దించనా అన్నాను. నేనే దించుకుంటా అని కుర్చీ వేసుకుని ఎక్కి దించింది. దుమ్ము ఊదింది. కిటికీల వైపు చూడలేదు, కప్పు వైపు చూడలేదు. నేరుగా లోపలికి వేలు పెట్టి ఆ తెల్ల కాగితాన్ని తడిమింది.

‘ఇది కన్నం కాదమ్మా, కిటికీ. మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదు కదా. కిటికీ ఉంటే కనీసం కనిపిస్తారని.’

ఆ రోజుల్లో నేను మా గదిలో, ఆయన ముందు గదిలో పడుకునేవాళ్ళం. దానికి తెలియదనుకున్నాం, ఇద్దరం చదువుకున్న గాడిదలం.

తీసెయ్యనా అని చెయ్యి చాపబోయి ఆగాను. అది తల ఊపింది, నేను తీస్తా అని. నా చేతుల మీద నేనే కూర్చున్నాను. గోటితో అంచు లేపి, గీకి, తడి చేసి, మళ్ళీ గీకి, అరగంట పట్టింది. కాగితం వచ్చేసింది. వెనకాల నలుపలకల కిటికీ ఉంది. రెండు పక్కలా చిన్న కాగితం తెరలు, పక్కకి లాగి అంటించి ఉన్నాయి. అవి నేనప్పుడు చూడనే లేదు. కన్నం అనుకున్నాను కాబట్టి కన్నమే కనిపించింది.

బాత్రూమ్‌లోకి వెళ్ళి ట్యాప్ తిప్పి ఏడ్చాను. బయటికొచ్చేసరికి అది ఇంటిని బీరువా మీద పెట్టలేదు, బల్ల మీద పెట్టింది. ఐదుకి వెళ్ళిపోయింది.

ఫ్రిజ్ మీది సర్టిఫికెట్ తీసేశాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

అక్క ఫోన్ చేసింది. అంతా చెప్పాను. ఇదే మంచి సమయమే అంది. పిల్ల మెత్తబడింది, ఇప్పుడే దాని ముందు నాలుగు కన్నీళ్ళు కార్చి నాకెవరున్నారే అను, చచ్చినా వెళ్ళదు అంది. అక్కకి నా మీద ప్రేమ. అబద్ధం కూడా కాదు, నాకెవరూ లేరు.

చూద్దాంలే అన్నాను. బ్రష్ కడిగాను.

సెప్టెంబర్ 27, శుక్రవారం

పేపర్ కప్పులతో పడవలు, బక్కెట్లో. సగం కప్పులు బుడుంగు. క్లాసంతా నీళ్ళు. పెద్ద మేడమ్ గుమ్మంలో జారబోయి తమాయించుకుని, చాలా బావుంది అని వెళ్ళిపోయారు.

గుసగుస నాతో మామూలుగానే ఉంది. పిల్లలు మనల్ని ఎంత తేలిగ్గా క్షమిస్తారో చూస్తే సిగ్గేస్తుంది. లెక్క: 3.

సెప్టెంబర్ 28, శనివారం

పిచ్చుక వచ్చింది. బల్ల మీద కాగితాలు నేను పెట్టలేదు. అదే అడిగింది, ఆ పాత పేపర్లు ఏవీ అని.

అక్టోబర్ 5, శనివారం

భోజనాల బల్లకీ కిటికీ గట్టుకీ మధ్య వంతెన కడుతోందట. బారెడు దూరం. అంత దూరం కాగితంతో కట్టడం కుదరదే అని నోటి దాకా వచ్చింది. మింగాను. దాని మీద ఏం పెడతావు అన్నాను. నా పెన్సిల్ బాక్సు అంది. ఇనుప బాక్సు, నిండా పెన్సిళ్ళు.

రోజంతా న్యూస్‌పేపర్లు గొట్టాలుగా చుట్టింది. నేను ఎదురుగా కూర్చుని దారం ముడులు విప్పి ఇచ్చాను. అది అడిగింది కాబట్టి. అడగనివి ఏవీ చెయ్యలేదు. కొన్ని గొట్టాలు మరీ వదులుగా ఉన్నాయి. దేవుడా.

జ్వరం తర్వాత చిక్కిపోయింది. మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి. పని చేస్తూ నాలుక కొంచెం బయట పెడుతుంది, చిన్నప్పటిలాగే. అన్ని గంటలు దాని మొహం వైపు చూడడానికి నాకు ఏడాదిలో వీలు దొరకలేదు. ఎప్పుడూ దాని చేతుల వైపే చూసేదాన్ని, ఎక్కడ తప్పు చేస్తుందా అని.

అక్టోబర్ 11, శుక్రవారం

పెద్ద వార్త.

గుసగుస దారంతో ఊగే వంతెన కడుతోంది. ముడి జారుతోంది. నా కుడి చెయ్యి తనంతట తనే బయల్దేరింది. అంతలో క్లాసు అదిరిపోయేలా అరుపు.

‘ముట్టుకోవద్దు టీచర్!’

లాయర్ కాదు. గుసగుస. మూడేళ్ళలో మొదటిసారి దాని గొంతు విన్నాం, అదీ గంట కొట్టినట్టుంది. పక్క క్లాసు టీచర్ ఏమైందని పరిగెత్తుకొచ్చింది. గుసగుస మొహం ఎర్రగా కందిపోయింది. నేను చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని సారీ అన్నాను. లాయర్ కుళ్ళుకుని చచ్చింది, తన డ్యూటీ వేరేవాళ్ళు చేశారని.

స్టాఫ్‌రూమ్‌లో ఈ సంగతి చెబుతూ నవ్వాను. నా కూతురు ఇలా అరిచి ఉంటే ఎంత బావుండేది. అది నా మీద ఎప్పుడూ అరవలేదు.

లెక్క: 0. గుసగుస పుణ్యమా అని.

అక్టోబర్ 12, శనివారం

రెండుసార్లు కూలింది. రెండోసారి పిచ్చుక నేల మీద బోర్లా పడుకుని ఏడ్చింది. పక్కన కూర్చున్నాను. ట్రైనింగ్ మేడమ్ చెప్పిన ప్రశ్న ఒకటే గుర్తొచ్చింది. ముందు ఎక్కడ వంగింది అని అడిగాను. ఏడుపు ఆపకుండానే మధ్యలో అంది. కాసేపటికి లేచి కూర్చుని ముక్కు తుడుచుకుని, కింద నుంచి రెండు గొట్టాలు ఏటవాలుగా పెడితే అని తనలో తనే అనుకుంది. గడియారం చూశాను, ఐదుకి పది నిమిషాలు. ఆయన స్కూటర్ అప్పుడే వచ్చేసింది.

అక్టోబర్ 19, శనివారం

మూడింటికి వంతెన పూర్తయింది.

నడుం కింద రెండు ఏటవాలు కాళ్ళు. అటూ ఇటూ దారాలు. ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం. టేపు ముద్దలు ముద్దలుగా. ఇంత అందవికారమైన వంతెన నేను చూడలేదు, ఇంతగా ఏదీ నచ్చనూ లేదు. పెన్సిల్ బాక్సు మధ్యలో పెట్టి చేతులు తీసింది. వంతెన మొత్తం కిర్రుమని ఒక పక్కకి ఒరిగింది. కిటికీ వైపు కొస గట్టు మీద నుంచి జారడం కనిపించింది. నేను కిటికీ పక్కనే ఉన్నాను. ఒక్క వేలు చాలు. ఒక్క వేలు.

చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాను, ఇప్పటికీ అక్కడ ఎర్రగా ఉంది.

జారి జారి ఆగింది. గట్టు అంచున, అంగుళం మీద. నిలబడింది. పిచ్చుక పది దాకా లెక్కపెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి వంతెన వైపు కాదు, నా చేతుల వైపు చూసింది.

నాలుగింటికి, పక్కన కూర్చుని చెప్పింది. నాన్నతో వెళ్తాను అని. స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్తానన్నంత మామూలుగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి గొంతు సన్నబడింది. ఎందుకు అని ఈసారి అడిగాను.

‘అక్కడ నేను పెట్టింది పెట్టినట్టే ఉంటుంది’ అంది.

ఉండదూ మరి. ఆయనకి ఇంట్లో ఏనుగుని పెట్టినా కనపడదు. ఆయన ఏదీ పట్టించుకోరు కాబట్టి ముట్టుకోరు. అదీ ఒక గొప్పేనా అని అరవాలనిపించింది. నేను పట్టించుకున్నాను కాబట్టే కదా పాడు చేశాను అని. అక్క చెప్పిన మాట నాలుక చివర ఉంది, నాకెవరున్నారే అని. అంటే ఆగిపోయేది. దాని మొహం చూస్తే తెలుస్తోంది, ఒక్క మాటకి ఆగిపోతుంది.

అనలేదు. అది కూడా ముట్టుకోవడమే.

సరేనమ్మా అన్నాను. అది నా ఒళ్ళో తల పెట్టింది. వెళ్ళేటప్పుడు పెన్సిల్ బాక్సు తీసుకోలేదు. వంతెన తియ్యొద్దు, ఉంచు అంది.

అక్టోబర్ 20, ఆదివారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. అన్నం తినలేదు. అక్క ఫోన్ ఎత్తలేదు.

అక్టోబర్ 27, ఆదివారం, సాయంత్రం ఏడు

స్టేషన్‌కి వెళ్ళాను. ఆయన సామాన్లు సర్దుకుంటున్నారు. వాళ్ళ అమ్మగారు నన్ను చూసి పక్కకి జరిగి బెంచీ మీద చోటిచ్చారు. మంచావిడే, ఆమె మీద నాకెప్పుడూ కోపం లేదు.

రైలుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. పిచ్చుక నా ముందుకొచ్చి వెనక్కి తిరిగి నిలబడింది. భుజం మీదుగా దువ్వెన చాపింది. ‘జడ వెయ్యి’ అంది.

జుట్టు రెండు వేళ్ళ పొడుగు పెరిగింది. వేరే నూనె వాసన. పాపిడి తిన్నగా తియ్యగలను, కళ్ళు మూసుకుని తియ్యగలను. వంకరగా కావాలా తిన్నగా కావాలా అని అడిగాను. నవ్వింది, వీపు కదిలింది. నీ ఇష్టం అంది. ఎంత నెమ్మదిగా వెయ్యొచ్చో అంత నెమ్మదిగా వేశాను. రైలు వచ్చేసింది.

ఆఖరి పెట్టె వెళ్ళిపోయాక కూడా దువ్వెన నా చేతిలోనే ఉంది.

నవంబర్ 2, శనివారం

పది అయింది. పదిన్నర అయింది. తెలుసు, అయినా గేటు చప్పుడు విన్నాను.

నవంబర్ 8, శుక్రవారం

స్కూల్లో రబ్బర్ బ్యాండు బండ్లు. లెక్క: 0. ఎవరి పుణ్యమూ లేకుండానే. ఎవరికి చెప్పుకోను?

ఇంట్లో వంతెన అలాగే ఉంది. రోజూ పొద్దున్న లేవగానే ముందు అదే చూస్తాను. ఫ్యాన్ వెయ్యడం మానేశాను. కిటికీ తలుపు తియ్యడం మానేశాను. పాలు తెచ్చే ఆమె ఇల్లు ఉక్కగా ఉందేమిటమ్మా అంది.

నవంబర్ 16, శనివారం, పొద్దున్న పదిన్నర

పడిపోయింది.

ఏడింటికి వంటింట్లో ఉండగా చప్పుడైంది. పరిగెత్తాను. టేపు ఆరిపోయి ఊడినట్టుంది. మధ్యకి విరిగింది. బాక్సు తెరుచుకుని పెన్సిళ్ళు గదంతా దొర్లాయి. ఒకటి బీరువా కిందికి వెళ్ళింది. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఏ గొట్టం ఎక్కడిదో నాకు బట్టీ వచ్చు. పావుగంటలో మళ్ళీ నిలబెట్టగలను. దానికి ఎప్పటికీ తెలియదు.

పది దాకా అలాగే కూర్చున్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని, ఖాళీ ఇంట్లో, ఎవరూ చూడకపోయినా.

సాయంత్రం నాలుగు

ఫోన్ చేసింది. శనివారాలు ఫోన్ చేస్తోంది ఇప్పుడు. కొత్త స్కూలు గురించి, పక్కింటి కుక్క గురించి చెప్పింది. తర్వాత వంతెన ఉందా అని అడిగింది. పడిపోయిందని చెప్పాను. ఎప్పుడంటే పొద్దున్న అన్నాను.

‘మళ్ళీ పెట్టావా?’

‘లేదు. పడింది పడినట్టే ఉంది. పెన్సిళ్ళు కూడా ఎత్తలేదు.’

తర్వాత వాళ్ళ నాన్నని ఏదో అడిగింది, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి. సెలవులు ఎప్పటి నుంచి, టికెట్టు అని ముక్కలు ముక్కలుగా వినపడింది. ఆయన ఏమన్నారో వినపడలేదు.

‘అయితే అలాగే ఉంచు. వచ్చే నెల ఇరవై ఒకటో తారీఖు వస్తా. పది రోజులు ఉంటా. నేనే కడతా’ అంది. ‘నా బ్రష్ ఉందా?’

ఉంది అన్నాను.

నవంబర్ 30, శనివారం

పెన్సిళ్ళ చుట్టూ ఊడుస్తున్నాను. కిటికీ తెరిచాను. ఇంకా ఇరవై ఒక్క రోజులు. లెక్క: 0.